సోడియం దీపం కింద సృష్టి పటం

రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌కు ఊళ్లో మిగిలే పని ఒక్కటే, ఫోన్లలో తిరిగే మెసేజ్‌లకు జమానతు పడటం. పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద నడుస్తుంటే ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి కలుస్తారు. బిగ్ బ్యాంగ్ మన పురాణాల్లో ముందే ఉందట కదా సార్, అణువుల సంగతి మన ఋషులు ఎప్పుడో చెప్పేశారట కదా సార్, అంటూ ఫోను నా ముక్కు దగ్గరికి చాపుతారు. అవునంటే సంతోషించేవాళ్లు కొందరు, కాదంటే సంతోషించేవాళ్లు కొందరు. నాకు షుగరుంది, నడక మధ్యలో ఆగొద్దని డాక్టరు చెప్పాడని అబద్ధమాడి ముందుకు పోతాను.

జవాబు లేక కాదు. అది కట్ట మీద నిలబడి చెప్పే జవాబు కాదు. చెప్పాలంటే ఒక చేర్యాల పటం గురించి, మా ల్యాబులో ఉన్న ఒక దీపం గురించి, నాతో పనిచేసిన సంస్కృతం మేడం గురించి చెప్పాలి. రేపో మాపో చాక్‌పీసు పట్టుకుని క్లాసులో నిలబడబోయే మీకైతే పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. మీ కాలేజీలోనూ ఇలాంటివాళ్లే ఉంటారు కాబట్టి పేర్లతో అంత అవసరం పడదు.

ఆమె మా కాలేజీకి వచ్చేనాటికి నాకు ఇంకా కొన్నేళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఆమెది మద్దూరు పక్కన పల్లె. తండ్రి తాళ్లు గీసేవాడు. కల్లు గీసే ఇంటి పిల్ల సంస్కృతంలో ఎమ్మే ఎందుకు చేసిందని స్టాఫ్‌రూంలో అడగనివాళ్లు లేరు. "మార్కులు మంచిగ వస్తయని ఇంటర్ల తీస్కున్న సార్. ఎనక ఇడ్సబుద్ధి కాలే" అని నవ్వేది. పర్మనెంటు కాదు, గెస్టు ఫ్యాకల్టీ. అంటే ప్రతి ఎండాకాలం ఉద్యోగం ఆగిపోతుంది. కాలేజీ తెరిచాక ప్రిన్సిపల్ పైకి రాస్తేనే మళ్లీ ఆర్డరు వస్తుంది. తండ్రి తాటిచెట్టు మీంచి పడి నడుము పోయాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ప్రతి జూన్ నెలలో ఆమె ముఖం వాన కోసం చూసే రైతు ముఖంలా ఉండేది.

సంస్కృతం తీసుకునే పిల్లలు చాలామందే, క్లాసుకు వచ్చేది మాత్రం కొద్దిమంది. అందుకని ఆ సబ్జెక్టుకు గది ఇవ్వలేదు. తిరిగి తిరిగి చివరికి నా డార్క్‌రూంకు వచ్చింది. కాంతి ప్రయోగాలు చేసుకోవడానికి కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన చిన్న గది అది. మా పిల్లలు ఒక మూల స్పెక్ట్రోమీటరు ముందు కూర్చుంటే, ఇంకో మూల ఆమె శబ్దాలు వల్లె వేయించేది. మధ్యలో సోడియం దీపం వెలుగుతుండేది. చూడనివాళ్లకు చెబుతున్నాను, దాని వెలుతురులో పసుపు తప్ప ఇంకో రంగు ఉండదు. మనుషుల ముఖాలు బూడిదరంగులో, పెదాలు నల్లగా కనిపిస్తాయి. శవాలకు శాస్త్రం చెబుతున్నారని నేను ఆటపట్టిస్తే, శవాలైతే కనీసం క్లాసు ఎగ్గొట్టవు కదా సార్ అనేది.

మా మొదటి గొడవ బ్రహ్మదేవుడి పగలు గురించి. పురాణాల లెక్కలో ఆ పగలు నాలుగు వందల ముప్పై రెండు కోట్ల సంవత్సరాలు. భూమి వయసు సుమారు నాలుగు వందల యాభై కోట్లని మేం చెబుతాం. ఎంత దగ్గరగా ఉందో చూశారా అని ఎవరో పంపిన మెసేజ్ చూసి నాకు ఒళ్లు మండింది. ఎదురుగా దొరికింది కదా అని ఆ కోపమంతా ఆమె మీద చూపించాను. పగలు కలిసింది సరే, రాత్రి ఏమైంది? బ్రహ్మ ఆయుష్షు దేనితో కలుస్తుంది? విశ్వం వయసు సుమారు పద్నాలుగు వందల కోట్లు, దానికి ఏ లెక్క చూపిస్తారు? కలిసినవి బల్ల మీద పెట్టి, కలవనివి జేబులో దాచుకోవడం ఏం పద్ధతి అని దులిపేశాను.

ఆమె అంతా విన్నది. "కలిసిందని నేనెప్పుడన్న అన్ననా సార్?" అంది. తర్వాత ఆ లెక్క ఎలా వచ్చిందో తనే చెప్పింది. పన్నెండు నెలలు, ఏడాదికి మూడు వందల అరవై రోజులు. రెండూ గుణించి, వెనక సున్నాలు చేర్చుకుంటూ పోతే వచ్చిన సంఖ్య అది. రాళ్లు పరీక్షించి చెప్పింది కాదు, ఆకాశం కొలిచి చెప్పింది కాదు. "అయినగాని సార్, కోట్ల యేండ్లు అనుకోవాల్నంటె ఎంత ధైర్యం గావాలె? మనం బతికేదెంత? గంత పెద్ద కాలాన్ని చూసి ఆ పాతోళ్లు బుగులువడలే. నాకు గదే ఇష్టం" అంది.

అలా మొదలైంది. ఆమె చెబుతుంటే నేను విన్నాను, నేను చెబుతుంటే ఆమె విన్నది. నిప్పు ముద్ద లాంటి బంగారు గుడ్డు లోంచి లోకం పుట్టిందన్న కథ ఆమె చెబితే, చిన్న చోట కుక్కుకుని ఉన్న వేడి లోంచి విశ్వం విచ్చుకున్న తీరు నేను చెప్పాను. రెండూ ఒకటేనని ఆమె అనలేదు, వేరని నేనూ అనలేదు, ఊరికే పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లం. ఒకసారి చాలా పాత సూక్తం ఒకటి విప్పి చెప్పింది. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతుందట అది. అడిగి అడిగి, పైన ఉండి చూసేవాడికైనా తెలుసో లేదో అన్న సందేహం దగ్గర ఆగిపోతుందట. నాకు ఎక్కడో గుచ్చుకుంది. బిగ్ బ్యాంగ్‌కు ముందు ఏముండేది సార్ అని ప్రతి బ్యాచీలో ఒక పిల్లో పిల్లవాడో లేచి అడుగుతారు. సర్వీసు మొత్తం నేను చెప్పిన జవాబు ఒకటే. సిలబస్‌లో లేదు, కూర్చో.

అంతలో కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం వస్తున్నదన్నారు. మా ప్రిన్సిపల్ చెడ్డమనిషి కాదు. వానాకాలంలో కారే స్లాబుకీ, నీళ్లు రాని ల్యాబుకీ మంచి గ్రేడు వస్తే తప్ప మోక్షం లేదని ఆయనకు తెలుసు. ఏదైనా ప్రత్యేకంగా చూపించాలని తల పట్టుకున్నాడు. చేర్యాల పక్కనే ఉంది, అక్కడ బట్ట మీద గడులు గడులుగా కథలు గీసే నకాషీ వాళ్లతో సృష్టి మీద ఒక పటం గీయిద్దాం, పాతదీ కొత్తదీ కలిసి వచ్చేటట్టు ఫిజిక్స్ సారూ సంస్కృతం మేడమూ చూసుకుంటారు అని తీర్మానించాడు. మమ్మల్ని గదికి పిలిచి ఆమెతో ఇంకో మాట కూడా అన్నాడు. పిల్లలు రాని క్లాసులెందుకని పైన అడుగుతున్నారని, సంస్కృతం ఎత్తేసే ఆలోచన ఉందని. "పటం మంచిగొచ్చి టీం వాళ్లు ఖుష్ అయితే మీ ఆర్డరు సంగతి నేను చూస్కుంట మేడం" అన్నాడు. ఆమె ఆ సాయంత్రమే ఇంటికి పోయి తండ్రికి చెప్పేసింది, ఈసారి పక్కా అని.

మేమిద్దరం బస్సెక్కి చేర్యాల పోయాం. పటం గీసేవాళ్ల ఇంట్లో పెద్దామె మాకు చాప వేసింది. వరండాలో గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరేసిన బట్ట ఉంది. నేను క్లాసు చెప్పినట్టు చెప్పాను. మొదట ఏమీ లేదు, కాబట్టి మొదటి గడిలో ఏమీ వేయొద్దు. తర్వాత వేడి, తర్వాత వెలుతురు, తర్వాత నక్షత్రాలు, సూర్యుడు, భూమి. మధ్య మధ్యలో మేడం చెప్పే నీళ్లు, గుడ్డు, తామర. బొమ్మల వెనక నేలంతా నల్లగా ఉండాలి, ఆకాశం కదా అన్నాను.

పెద్దామె మొత్తం విని, మొదటి గడిలో వినాయకుడు ఉంటాడంది. కథలో వినాయకుడు లేడు కదమ్మా అన్నాను. "కతల లేడు సార్. కతకు ముందుంటడు" అంది. పక్కన మేడం ముసిముసిగా నవ్వింది. నలుపు కూడా కుదరదంది పెద్దామె. తాతల నాటి నుంచి నేల ఎరుపే. ఎందుకని అడిగితే, ఎరుపు మీదనే బొమ్మ లేస్తుందని, దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా కనబడుతుందని చెప్పింది. నేను ఊరుకోలేదు. కాగితం మీద నల్లగా గీసి చూపించి, మా సైన్సుకు ఇదే కావాలని గట్టిగా చెప్పి వచ్చాను. సరే సార్ అని తల ఊపింది కాబట్టి గెలిచాననే అనుకున్నాను.

పటం వచ్చిన రోజు నేను డార్క్‌రూంలో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. తెచ్చిన మనిషి గుమ్మంలో ఇచ్చి వెళ్లిపోయాడు. ఆగలేక అక్కడే సోడియం దీపం ముందు విప్పాను. నేల నల్లగా ఉంది. అచ్చం నేను అడిగినట్టు. వినాయకుడైతే ఉన్నాడు గానీ ఆయన కింద గడిలో ఏమీ లేదు, ఒట్టి చీకటి. శూన్యాన్ని కూడా గీసిందే అని పొంగిపోయాను. వెంటనే చేర్యాల పెద్దామెకు ఫోను చేసి, నా మాట విని నలుపు వేసినందుకు చాలా సంతోషమమ్మా, ముఖ్యంగా ఆ ఖాళీ గడి అద్భుతం అన్నాను.

"నలుపేడిది సార్? ఎరుపే వెట్టిన. ఆ గడిల నీళ్లున్నయి, చాపలు గూడ ఉన్నయి" అంది.

పటం వరండాలోకి తీసుకుపోయి ఎండలో పట్టుకున్నాను. కుంకుమ రంగు నేల మండిపోతున్నది. శూన్యమనుకున్న గడి నిండా నీలం నీళ్లు, అందులో నీలం చేపలు. సోడియం వెలుతురులో ఎరుపూ నీలమూ నల్లగా కనబడతాయని ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. చెప్పే నేనే దాన్ని మరిచిపోయాను, ఎందుకంటే నాకు నలుపు కావాలి. సంస్కృతం మేడం వరండా గోడకు ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక, పరువు దక్కించుకోవడానికి ఒక మాట అన్నాను. ఆలోచిస్తే ఎరుపే నయం మేడం, విశ్వంలో వెలుతురు మొదటిసారి విడివడినప్పుడు ఆకాశమంతా పాత బల్బు తీగలా మండేది, చల్లబడుతూ ఎర్రబడి, ఆ తర్వాతే చీకటైంది, కాబట్టి నలుపు అడగడం నా పొరపాటే అన్నాను. సరదాగా అన్న మాట. ఆ దారిన పోతున్న ప్రిన్సిపల్ చెవిన పడింది. మర్నాటికి పెద్ద ఫ్లెక్సీ తయారై వచ్చింది. విశ్వం తొలి రంగు ఎరుపు అని మన పెద్దలకు ముందే తెలుసు, సైన్సు ఇప్పుడు ఒప్పుకున్నది అని దాని మీద బారెడేసి అక్షరాలు.

అది తప్పని ఆయనతో చెప్పాను. ఎరుపు ఎందుకు వేస్తారో గీసినామె మాకు చెప్పిందని కూడా చెప్పాను. ఒక్క రోజు ఊకోండ్రి సార్, కాలేజీ కోసం అన్నాడు. మేడం ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకో అమ్మా, నేను చూసుకుంటాను అన్నాను. ఆమె నా వైపు తిరిగి, "మీది పర్మనెంటు సార్. మిమ్ములనెవ్వరడుగుతరు? అడిగితె నన్నే అడుగుతరు" అంది.

అలాగే జరిగింది. బృందానికి పెద్దగా వచ్చినామె నెరిసిన జుట్టు, మోకాళ్ల నొప్పుల మనిషి. మెల్లగా నడుస్తూ వచ్చి పటం ముందు ఆగింది. ఒక్కో గడీ చూసింది, చేపల దగ్గర నవ్వింది. తర్వాత తలెత్తి ఫ్లెక్సీ చదివింది. ఇక్కడ సంస్కృతం ఎవరు చెబుతారు అని అడిగింది. మేడం ముందుకు వచ్చింది. ఇది నిజమేనా అమ్మా, వాళ్లకు తెలుసా అని అడిగింది. ప్రిన్సిపల్ ఏదో అందుకోబోతే, ఆమె చెబుతుంది లెండి అని ఆపేసింది.

నాకు ఇప్పటికీ ఆ క్షణం గుర్తుంది. అవును మేడం అని ఒక్క మాటంటే చాలు. ఎవరికీ నష్టం లేదు, ఇంట్లో తండ్రి మందులు ఆగవు. అనేస్తే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను కూడా. ఆమె పటం కొసలు పట్టుకుని కొక్కెం నుంచి తీసింది. "జర డార్క్‌రూంలకొస్తరా మేడం" అంది.

అందరం ఇరుక్కుని నిలబడ్డాం. పటం గోడకు తగిలించి, సోడియం దీపం వేయమని నాకు చెప్పింది. ఆ దీపం వేయగానే పసుపు రాదు, ముందు గులాబి కలిసిన ఎర్రటి వెలుతురు వస్తుంది, వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఆ ఎర్రటి వెలుతురులో పటం ఇంకా ఎర్రగా మెరిసింది. మెల్లమెల్లగా పసుపు పుంజుకుంది. మా కళ్ల ముందే నేల ఎరుపు మాసిపోయి, గోధుమ రంగై, నల్లబడిపోయింది. నీళ్లూ చేపలూ మాయమయ్యాయి. విశ్వం చల్లారి చీకటైన తీరు కూడా ఇదే కదా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఒక మాట అని అప్పటికే ఫ్లెక్సీ తెచ్చిపెట్టాను కాబట్టి ఈసారి మింగేశాను.

"గీ దీపం కింద మా సార్‌కు నలుపు కనవడ్డది మేడం, ఆయనకు నలుపే గావాలె గనుక. మన కాలం దీపం పట్టుకొని పాత మాటలు చూస్తె మనకు గావల్సిన రంగే కనవడ్తది. ఎరుపు మీద బొమ్మ మంచిగ లేస్తదని గీసినామె చెప్పింది. అంతకుమించి ఏం లేదు. ఆ పెద్దలకు తెలుసా అంటె, నాకు తెల్వదు. తెలుసని వాండ్లు గూడ అనలే. ఎవలకు తెలుసు అని అడిగిన్రు. అట్ల అడగొచ్చని నాకు వాండ్లే నేర్పిన్రు" అంది.

మీరేమంటారని బృందం పెద్ద నన్ను అడిగింది. ఆమె చెప్పింది సరైనదే అన్నాను. ఆ మాటకు నాకేమీ ఖర్చు కాలేదు.

బృందం వాళ్లు ఆ డార్క్‌రూం పాఠం గురించి రిపోర్టులో మంచిమాట రాశారు. గ్రేడు కూడా మంచిదే వచ్చింది. ప్రిన్సిపల్‌కు శాలువాలు కప్పారు. జూన్ వచ్చింది, కాలేజీ తెరిచారు, మేడం ఆర్డరు రాలేదు. నేను ఆయన గదిలోకి పోయి కూర్చున్నాను. అంతమంది ముందు కాలేజీ ఫ్లెక్సీని అబద్ధం చేసిన మనిషి కోసం తను పైకి ఎలా రాయాలని అడిగాడు. "నేను తీసెయ్యలే సార్. రాయలే, గంతే" అన్నాడు. ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఎన్నిసార్లు తిరిగినా, ఎవరితో చెప్పించినా పని కాలేదు. సంస్కృతం ఆ ఏడాదితోనే పోయింది. ఆ ఫ్లెక్సీని మా అటెండరు మడిచి స్పెక్ట్రోమీటర్ల మీద దుమ్ము పడకుండా కప్పాడు.

ఇంట్లో ఏమన్నారని ఆమెను అడిగాను. జరిగింది జరిగినట్టు తండ్రికి చెప్పిందట. అవునంటే ఉంచుతుండెనా బిడ్డా అని అడిగాడట ఆయన. ఉంచుతుండె బాపూ అందట. ఆయన మంచంలోంచే పైకప్పు వైపు చూసి, సరే అన్నం పెట్టు అన్నాడట. ఇప్పుడామె ప్రజ్ఞాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న పిల్లలకు తెలుగు చెబుతున్నది. పొద్దుటి బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు తిరిగి వస్తుంది.

నా చివరి క్లాసు రోజున వెనక బెంచీ పిల్ల ఒకతె లేచింది. బిగ్ బ్యాంగ్‌కు ముందు ఏముండె సార్ అని అడిగింది. సిలబస్‌లో లేదు అనడానికి నోరు తెరిచాను కూడా. మూసుకుని మళ్లీ తెరిచాను. తెలియదమ్మా అన్నాను. నాకే కాదు, ఇప్పటికి ఎవరికీ తెలియదు, కానీ అడగాల్సిన ప్రశ్నే అన్నాను. క్లాసంతా చప్పట్లు. ఇంత పెద్ద సారు తెలియదని ఒప్పుకున్నాడని ఎవరో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టారు. కట్ట మీద ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. ఆ మాటే అన్నందుకు ఒకామె ఉద్యోగం పోయింది, నాకు మాత్రం చప్పట్లు పడ్డాయి. వాటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

క్లాసు అయిపోగానే వరండాలో నిలబడి ఆమెకు ఫోను చేసి జరిగింది చెప్పాను. చప్పట్ల సంగతి ఆమె పట్టించుకోలేదు.

"తెల్వదన్నంక ఆ పిల్ల కూసున్నదా సార్?" అని అడిగింది.

లేదు, బెల్లు కొట్టేదాకా నిలబడే ఉంది, ఇంకా ఏదో అడుగుతూనే ఉంది అన్నాను.

"గట్లయితె మంచిగైంది" అంది. అటువైపు వాళ్ల స్కూలు బెల్లు మోగింది. పిల్లలు ఎదురుచూస్తున్నారని ఫోను పెట్టేసింది.